దర్జీ పిన్నిగారి వంతు

అక్కా, నేను బాగానే ఉన్నాను, బీపీ మాత్రలు మానలేదు, బెంగపడకు.

గ్రంథాలయం మేడమీద మా పెద్దవాళ్ల తరగతులకు మేష్టారంటూ ఉండరు. ప్రతి మంగళవారం ఒకరు తమకు తెలిసింది మిగతావాళ్లకు చెప్పాలి. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది నేనే. మూడు వారాల కిందట దర్జీ పిన్నిగారి వంతు వచ్చింది. నలభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి. పాత చిత్రపటాల్లో బట్టల మడతలు ఎక్కడ నిజమో, ఎక్కడ అబద్ధమో చూపిస్తానని నెల్లాళ్లు తయారైంది. ఆవిడ పటం విప్పగానే రిటైరైన ప్రొఫెసరు, "జాకెట్లు కుట్టేవాళ్లు మనకి పెయింటింగులు నేర్పడమా!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. చదువు ఎవడబ్బ సొత్తని లేచి, చెమటోడ్చేవాళ్ల తెలివి గురించీ, పట్టాల పొగరు గురించీ ఆయన్ని దులిపేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే గంట అయిపోయింది, కాపలాదారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పటం చుట్టుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నిన్న ఇంటికి వెళ్తే, "నా బదులు మీరే చెప్పేశారుగా బాబూ, ఇంక నేనెందుకు?" అంది. ఆ ప్రొఫెసరు మాత్రం వారం వారం ముందు కుర్చీలోనే కూర్చుంటున్నాడు.

బావగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు? నా బూడిదరంగు స్వెట్టరు అక్కడే ఉందా? వచ్చేనెల వస్తానన్నావుగా, మంగళవారానికి ముందే దిగు. పిన్నిగారిని నువ్వే వెళ్లి పిలువు. నేను పిలిస్తే అదీ ఉపన్యాసమే అవుతుంది. బావగారికి నమస్కారాలు, చిన్నదానికి ఆశీస్సులు. ఆ రోజు నా పక్కనే కూర్చో. నేను లేవబోతే చొక్కా పట్టుకుని లాగు.

నీ తమ్ముడు