వేళ్ళకు బదులుగా ఒక కెమెరా

అక్కకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పాపా బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారనీ, బావకు మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ బస్సు నడుపుతున్నారనీ నీ ఉత్తరంలో చదివాను. సంతోషించాల్సింది పోయి గుండెల్లో రాయి పడింది. ఎందుకో చివర్లో చెప్తాను. నీ అలవాటు కొద్దీ చివరి పేజీ ముందు చదవకు.

నీళ్ళలో ఫొటోలూ వీడియోలూ తీసే చిన్న కెమెరా ఒకటి చూసి పెట్టమన్నాను. పాతికేళ్ళుగా కెమెరాల కొట్టులో కూర్చున్నదానివి, ఊరికే ఇస్తావా? పేజీ నిండా ప్రశ్నలు పంపావు. ఫోనులో అడిగితే మాట దాటేస్తున్నాననీ, రాసి పంపమనీ కోప్పడ్డావు. సరే, రాస్తున్నాను.

ఎంత లోతు అన్నావు. నేను తనిఖీకి దిగే వంతెన పిల్లరు అడుగు దాకా పన్నెండు మీటర్లు. నువ్వు చెప్పిన పసుపు రంగుది పదిహేను మీటర్ల వరకు తట్టుకుంటుందంటే అదే చాలు. దాని పైన నీళ్ళు పోకుండా వేరే పెట్టె తొడిగితే మూలల్లోకి చెయ్యి పట్టదు.

నీళ్ళు ఎలా ఉంటాయన్నావు. పాలు ఎక్కువైన టీలా ఉంటాయి. చెయ్యి చాపితే నా వేళ్ళు నాకే కనిపించవు. "రంగురంగుల చేపల్ని తీసే కెమెరా నీకెందుకురా" అని రాశావు గానీ, నాకు చేపలూ వద్దు, రంగులూ వద్దు. బెత్తెడు దూరంలో ఉన్నది స్పష్టంగా పట్టాలి. దళసరి ప్లాస్టిక్ సంచిలో మంచినీళ్ళు నింపి, పిల్లరుకు ఆనించి, ఆ సంచిలోంచి తీస్తాను. అప్పుడు మధ్యలో బురద అడ్డం రాదు. ఫ్లాష్ కూడా వద్దు, ఎదురుగా వెలుగు కొడితే బురదే తెల్లగా మెరుస్తుంది. పక్కనుంచి పట్టుకునే లైటు విడిగా ఇవ్వు.

ఫొటోలా, వీడియోనా? ముందు వీడియో. ఒకసారి నొక్కితే నేను పైకొచ్చేదాకా ఆగకుండా తియ్యాలి. బటన్లు పెద్దవి కావాలి. గ్లవ్స్ వల్ల అనుకున్నావు. గ్లవ్స్ ఒక్కటే కాదు.

ఇక నువ్వు ఆఖరున అడిగినవి. "ఇన్నేళ్ళూ చేత్తో తడిమి చెప్పేవాడివి, ఇప్పుడు కెమెరా ఎందుకురా? తీసినవి ఎవరికి చూపిస్తావు?"

అక్కా, నా కుడిచేతి మూడు వేళ్ళకు స్పర్శ పోయింది. ఆరు నెలలైంది. మొదట చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాలేదు. తర్వాత వేడి పెనానికి చెయ్యి ఆనితే, నీ మరదలు అరిచేదాకా తెలియలేదు. డాక్టరు నరాల జబ్బన్నాడు. ఆ బురదనీళ్ళలో పగులెక్కడుందో వేళ్ళతో తెలుసుకోవడమే నా పని. ఆఫీసులో చెబితే నన్ను మళ్ళీ దింపరు. పద్దెనిమిదేళ్ళుగా నాకొచ్చింది అదొక్కటే. భయపడి నోరు మూసుకున్నాను.

పోయిన నెల మీ ఊరి పెద్ద వంతెన కిందికి దిగాను. చేతికి ఏమీ తగల్లేదు. మూడో పిల్లరు దగ్గర పైకొచ్చాక, పడవలో తాడు పట్టుకునే ఆయన నా చెయ్యి చూసి, "ఏంటన్నా, ఈ రక్తం?" అన్నాడు. గ్లవ్ చీరుకుపోయింది, రెండు వేళ్ళు తెగాయి. "పడవ అంచు గీరుకుందిలే" అన్నాను. పడవ అంచుకు రబ్బరుంది, అక్కా. నునుపైన కాంక్రీటు చెయ్యి కొయ్యదు. కింద ఎక్కడో పిల్లరు పెచ్చూడి ఇనుప ఊచ బయటికొచ్చింది. దానిమీద చెయ్యి పెట్టి కూడా నేను తెలియకుండా దాటొచ్చాను.

ఆ సాయంత్రం రిపోర్టులో "పగుళ్ళు లేవు" అని రాసి సంతకం పెట్టాను. తర్వాత మీ ఇంట్లో భోంచేశాను. కట్టు చూసి బావ అడిగితే చేప కరిచిందన్నాను. నన్ను ఎప్పుడూ కప్ప అని పిలిచే మనిషి కదా, "కప్పను చేప కరవడమేంటోయ్" అని ఒకటే నవ్వు.

బావ బస్సు రోజుకు ఎనిమిదిసార్లు ఆ వంతెన దాటుతుంది. ఆయన మోకాలి నొప్పితో ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు ఊపిరాడింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఆ వంతెన మీద వెళ్ళే మిగతావాళ్ళు మనుషులు కారా?

తీసినవి ఎవరికీ చూపించకూడదనే అనుకున్నాను. దొంగచాటుగా దిగుదాం, ఏమీ లేకపోతే ఊరుకుందాం, ఉంటే అప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు చెబుదాం అనుకున్నాను. నీ ప్రశ్నకు ఆ జవాబు రాద్దామని కూర్చుంటే కలం కదల్లేదు. దానికి కారణం నరాలు కాదు.

నీ కెమెరా వచ్చేదాకా ఆగడం నా వల్ల కాదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి నేరుగా ఇంజనీరు గదికి వెళ్తున్నాను. ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారేమో. నీ మరదలికి పొద్దున్నే చెప్పాను. దగ్గరికొచ్చి నా చొక్కా గుండీలు పెట్టింది.

కెమెరా మాత్రం పంపు. నా బదులు దిగేవాడి వేళ్ళు ఎంత బాగున్నా, వాడి చేతిలో అదీ ఉండాలి.

ఇది నీకు అందేసరికి వంతెన మూసేసి ఉంటారు. బావ ఊరంతా చుట్టి ఆలస్యంగా ఇల్లు చేరి, మూయించినవాణ్ణి తిడుతూ ఉంటారు. కడుపారా తిట్టనీ. ఆయన తిట్టడం అయ్యాక ఈ ఉత్తరం చేతికివ్వు.

ఇట్లు
నీ తమ్ముడు,
బావగారి కప్ప