వేసుకోని మాత్రలు

ఏక్‌బాల్‌పూర్,
జూలై 9.

నా జగ్గూ,

నేను ఇక్కడ బాగానే ఉన్నానని ఈ కాగితం మీద రాయలేను. ఫోనులో నీ గొంతు వినగానే అబద్ధం దానంతట అదే నోట్లోకి వచ్చేస్తోంది. అందుకే రాస్తున్నాను. పలాసలో మీ అక్కకి సేవ చేస్తూ తీరిక లేకుండా ఉన్నావని తెలుసు. అయినా ఒక్కదానివీ కూర్చుని చదువు.

"మాత్రలు ఏసుకున్నావా మావా?" అని రోజూ అడుగుతావు. వేసుకున్నానంటాను. ఆ క్యాల్షియం మాత్ర నేను నోట్లో వేసుకుని ఏడాదిన్నర అయింది జగ్గూ. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు కూడా నీ ముందు చేతిలోకి తీసుకుని, ఓడల డాకుకి పనికి వెళ్ళే దారిలో కాలవలో పడేసేవాణ్ణి.

ఎందుకని అడుగుతావు. కడుపు ఆపరేషనుకి ముందు నేనెలా ఉండేవాణ్ణో నీకు తెలుసు. నూట ముప్పై ఎనిమిది కిలోల మనిషిని. నిచ్చెన సగం ఎక్కేసరికే ఊపిరాడక దిగిపోతుంటే, నన్ను క్రేను మీంచి తీసి గేటు పాసులు రాయడానికి కుర్చీలో కూర్చోబెట్టారు. పదిహేనేళ్ళు పైన కూర్చుని ఓడల్లోంచి సరుకు దించినవాణ్ణి, లారీ నంబర్లు రాసుకుంటూ బతికాను. ఆపరేషను అయి యాభై కిలోలు తగ్గాక మళ్ళీ క్రేను ఎక్కిన రోజున ఇంక నేను రోగిని కాను అనుకున్నాను. డాక్టరమ్మేమో బతికినన్నాళ్ళూ క్యాల్షియం, విటమిన్ డి మానకూడదంది. క్యాల్షియం ఒకేసారి మింగకూడదు, రోజులో మూడుసార్లుగా వేసుకోవాలి, ఐరన్ మాత్రకీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. రోజంతా మాత్రల గొడవే. డబ్బా చూస్తే చాలు, నన్ను కూర్చోబెట్టిన ఆ కుర్చీ గుర్తొచ్చేది. ఒక వారం మానేశాను. ఏమీ కాలేదు. నెల మానేశాను. అప్పుడూ ఏమీ కాలేదు. ఇంక దాని సంగతే మరిచిపోయాను.

నాలుగు నెలల కిందట కుడిపాదంలో నొప్పి మొదలైంది. దెబ్బ తగల్లేదు, పడలేదు. బూటు కరిచిందని నీకు చెప్పాను. చూపించుకుంటే క్రేను దింపేస్తారని భయపడి, పాదానికి గుడ్డ చుట్టుకుని ఎక్కుతూనే ఉన్నాను.

పోయిన నెల ఇరవై ఏడున ఇనపకడ్డీల కట్ట ఒకటి గాల్లో ఉంది. కింద బైరాగి చేత్తో సైగలు చేస్తున్నాడు. బ్రేకు మీద కాలు నొక్కాను. పాదంలో ఏదో పుటుక్కుమంది. కాలు జారింది, కట్ట ఊగుతూ ఒక్కసారిగా కిందకి పోయింది. బైరాగి పక్కకి దూకకపోతే మేరీరాణి ఇవాళ ముండమోసి ఉండేది. అతనున్న చోటికి రెండడుగుల దూరంలో సిమెంటు పగిలింది.

సూపర్‌వైజరు శ్రీనివాస రావుగారు వచ్చి, సైగ తప్పుగా వచ్చిందా అని అడిగారు. నేను అలా అనలేదు జగ్గూ. ఆయనే అడిగారు. వానలో చెయ్యి సరిగ్గా కనబడలేదన్నాను. ఆ ఒక్క మాటతో బైరాగిని పనిలోంచి ఆపేశారు. ఇవాళ్టికి పన్నెండు రోజులు.

అప్పట్నించి సెలవు పెట్టాను గాని ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కుంటుకుంటూ ఏటి ఒడ్డున ఘాటు దాకా పోతాను, లాంచీ ఎక్కి హౌరా స్టేషనుకి వెళతాను, మన వైపు పోయే బండ్లని చూసి అదే లాంచీలో తిరిగొస్తాను. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. బైరాగి ఉండేది మన వెనక వీధిలోనే కదా, అటు తిరగకుండా చుట్టుదారిన పోతున్నాను.

చివరికి ఒకటి అనుకున్నాను. ఒంట్లో బాగాలేదని కాగితం రాసిచ్చి పని మానేస్తాను. శనివారం బండెక్కి పలాస వచ్చేస్తాను. నేను లేకపోతే వాళ్ళే బైరాగిని మళ్ళీ తీసుకుంటారు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నువ్వు సరేనంటే చాలు.

నీ
గురువులు


ఏక్‌బాల్‌పూర్,
జూలై 21.

జగ్గూ,

ఉత్తరం అందిన రోజు నువ్వు ఫోను చేసి నన్ను తిడతావనుకున్నాను, లేకపోతే ఏడుస్తావనుకున్నాను. "బైరాగి ఇంటికి ఎల్లినావేటి?" అన్నావు. లేదన్నాను. పెట్టేశావు. మళ్ళీ నేనెన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆ రోజు మధ్యాహ్నమే వెళ్ళాను.

మేరీరాణి తలుపు తీసింది. లోపల బైరాగి గోడకున్న అద్దం ముందు నిలబడి, చెయ్యి పైకెత్తి, మెల్లగా దించుతూ, మళ్ళీ ఎత్తుతూ తనని తానే చూసుకుంటున్నాడు. రోజూ ఇదే పని అని ఆమె నాకు మెల్లగా చెప్పింది. గుమ్మంలోనే నిలబడి, పడేసిన మాత్రల దగ్గర్నించి జారిన కాలు దాకా అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కట్ట నా మీద పడిపోనేదు కదా గురుదా, దానికి నాను ఏడవడం నేదు," అన్నాడు. "ఇన్ని రోజులు నా సెయ్యి మీద నాకే అనుమానం పెట్టీసినావు. నానే తప్పుడు సైగ సేసి నిన్ను కూడా ఇరికించీసినానేమో అనుకున్నాను."

మన్నించమన్నాను.

"అది తరవాత. ఆఫీసుకి నడు," అన్నాడు.

చొక్కా తొడుక్కుని నాతో వచ్చాడు. నేను కుంటుతున్నానని అడుగు తగ్గించి నడిచాడు. శ్రీనివాస రావుగారి ముందు మొత్తం మళ్ళీ చెప్పాను, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆయన నా పాదం వైపు చూశారు. సోమవారం నించి బైరాగి పనిలోకి రావచ్చన్నారు. నా సంగతి పైవాళ్ళు తేలుస్తారన్నారు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. పాదంలో సన్నని ఎముక చిట్లిందట, దాని మీదే నెలల తరబడి నడిచానట. ఎముకల స్కాను తీస్తే నడుం దగ్గర ఎముకలు కూడా పల్చబడి ఉన్నాయి. డాక్టరమ్మ కోప్పడలేదు, బొమ్మ గీసి చూపించింది. పేగు దారి మళ్ళించాక తిండిలోని క్యాల్షియం ఒంటికి సరిగా పట్టదట. రక్తానికి కావలసింది ఎక్కడో ఒకచోట నించి రావాలి కనుక ఒళ్ళు తన ఎముకల్నే తోడుకుంటుందట. నొప్పి పుట్టే దాకా మనకి తెలియదట. కడుపులో ఆమ్లం తక్కువైనా ఒంటికి పట్టే రకం మాత్రలే మళ్ళీ రాసిచ్చింది. నేను కాలవలో పడేసినవీ అవేనట. పోయిందంతా తిరిగి రాకపోవచ్చు, ఇకపై పోకుండా ఆపుకోవచ్చు అంది. పాదానికి పట్టీ కట్టారు. ఆరు వారాలు కర్రతో నడవాలి.

పైవాళ్ళ మాట ఇవాళ వచ్చింది. క్రేను ఇంక ఎక్కనివ్వరు. ఆరు వారాలయ్యాక గోదాములో పనిస్తారట. నా వల్ల జరిగింది రికార్డులో రాశారు, రాయమనే నేనూ అన్నాను. అది విన్నప్పుడు ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు, ఆకలేసింది. ఎన్ని రోజులకో.

కర్ర పట్టుకుని వస్తుంటే మేరీరాణి చూసి ఇంట్లోకి పిలిచింది. చేపల పులుసు, అన్నం పెట్టింది. నా కడుపుకి పట్టేది నాలుగు ముద్దలే కదా, నెమ్మదిగా తిన్నాను. బైరాగి పని నించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఎదురుగా పీట వేసుకుని తిన్నాడు. నాతో మాట్లాడలేదు. నేను తినడం అయ్యేదాకా లేవనూ లేదు.

నీ
గురువులు