ఎదుటి హోటలు దుప్పట్లు

అమ్మకు,

నేను క్షేమం. పది రోజుల క్రితం ఈ మాట రాస్తే అబద్ధమయ్యేది, అందుకే ఆగాను. నువ్వూ, నాన్నా, చెల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

దగ్గు తగ్గింది. నా గది కిటికీ బాగుచేశారు, గాలి వస్తోంది. పుస్తకాలేమీ కొనలేదు, రెండే కొన్నాను. "నోరు విప్పి ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?" అని అడిగావు. మాట్లాడానమ్మా, అదీ ఎదుటి హోటలుకు వెళ్లి.

మా హోటలుకూ రోడ్డవతలి హోటలుకూ అసలు పడదు. వాళ్లు గుమ్మంలో పూలకుండీలు మారిస్తే సాయంత్రానికి మావీ మారతాయి. పోయిన మంగళవారం నాలుగింటికి మాకొక పెద్ద బృందం దిగాలి, అరవై గదులు. ఉతికిన దుప్పట్లు తెచ్చే వ్యాను దారిలో చెడిపోయిందని పదకొండింటికి తెలిసింది. చూస్తే స్టోరులో అలమర ఖాళీ.

"పాతికేళ్ల సర్వీసు! అలమర చూసుకోవద్దూ?" అని మేనేజరుగారు, మేమంతా బాబాయి అని పిలిచే స్టోరాయనను అందరి ముందూ కడిగేశారు.

నేను వెనక గేటులోంచి రోడ్డు దాటాను. అక్కడ గదుల పని చూసే పెద్దావిడను మావాళ్లు గవర్నరమ్మ అంటారు. కళ్లజోడు పైనుంచి చూసింది.

"మీ మేనేజరు పంపాడా?"

"లేదండీ. తెలిస్తే ఉద్యోగం పోతుంది."

"మరెందుకొచ్చావమ్మాయ్?"

"అరవై గదులకు దుప్పట్లు లేవండీ."

ఆవిడ నవ్వేసింది. "పోయినేడు మాకు నీళ్లు ఆగిపోతే మీ స్టోరాయన తువ్వాళ్లు పంపాడు. మీ మేనేజరుకూ తెలీదు, మా మేనేజరుకూ తెలీదు. పట్టుకుపో. మా హోటలు ముద్ర కాళ్లవైపు పెట్టి లోపలికి మడిచెయ్యండి."

వెనక గేటులోంచి మోసుకొచ్చి పరిస్తే నాలుగయ్యేసరికి పడకలన్నీ తయారు, మేనేజరుగారు వ్యాను వచ్చేసిందనుకున్నారు.

ఇదంతా నిజమే, కానీ సగమే. మాకు ప్రతి పడకకూ మూడు జతల దుప్పట్లుంటాయి. ఒకటి పడక మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అలమరలో. అలమరలోది ఇలాంటి రోజు కోసమే, కదిలించకూడదు. ముందురోజు బాబాయి సెలవు. ఆ జతలు కాస్త పసుపుపచ్చగా కనిపించి, నా చేత్తో చీటీ రాసి అన్నీ ఉతుక్కి పంపింది నేనేనమ్మా. బాబాయి నా దస్తూరి గుర్తుపట్టి ఆ చీటీ జేబులో దాచేశాడు. ఆయన తిట్లు తింటుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. మూడు రోజులు ముద్ద దిగలేదు.

శుక్రవారం మేనేజరుగారి గదిలోకి వెళ్లి, చీటీ సంగతీ రోడ్డు దాటిన సంగతీ చెప్పేశాను. ఆయన కలం పక్కన పెట్టి అడిగారు.

"ముద్ర ఎటువైపు పెట్టారు?"

"కాళ్లవైపండీ."

"నేను గదులు సర్దే రోజుల్లో వాళ్ల దుప్పట్లే తెచ్చి, ముద్ర తలవైపు పెట్టి దొరికిపోయాను" అన్నారు.

తరవాత స్టోరులోకి వచ్చి, ఎంతమంది ముందు తిట్టారో అంతమంది ముందూ బాబాయికి క్షమాపణ చెప్పారు. బాబాయి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. "పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకో తల్లీ. ఈసారి నన్నడక్కుండా అలమర ముట్టుకోకు."

శనివారం దుప్పట్లు ఉతికించి, ఇస్త్రీ చేయించి, తిరిగిచ్చేందుకు బయల్దేరాను. అలవాటుగా వెనక గేటు వైపు తిరిగితే మేనేజరుగారు కేకేశారు.

"అటెందుకు? ముందు గుమ్మంలోంచి వెళ్లు."

వెళ్లాను. వాళ్ల దర్వాను తలుపు తీసి పట్టుకున్నాడు.

ఇట్లు,
ఈ పూట కడుపునిండా తిన్న
నీ పెద్దమ్మాయి