ఎడమవైపు సీటు

ఆగస్టు 9, శనివారం

సత్యదేవ్ నవ్వాడు. ముందు అది రాసుకోవాలి.

యాక్సిడెంట్ అయిన ఐదు వారాలకి ఇవాళ అతని మెకానిక్ షాపుకి వెళ్ళాను. జూన్‌లో నా కారుకి ముందు చక్రాల షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చింది అతనే. కొత్తవి వేశానన్నాడు. మూడు వారాలు తిరక్కుండానే ఆలుగడ్డబావి దగ్గర మలుపులో బండి గుంతలో పడి లేచింది. లేచింది కానీ కుదురుకోలేదు. ఊగుతూ ఊగుతూ ఎడమకి లాగేసింది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది, బండి లేదు. స్తంభానికి కొట్టుకున్నాం.

నాకు చిన్న గీత కూడా పడలేదు. ఎడమవైపు సీటులో మా చెల్లెలు క్యారల్ ఉంది. డాష్‌బోర్డుకి చెయ్యి అడ్డం పెట్టింది. కుడి మణికట్టు మూడు ముక్కలు.

క్యారల్ చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. ఇంటి దగ్గర పదకొండు మంది పిల్లలకి నేర్పిస్తుంది. నేర్పించేది. లోపల ప్లేటు వేశారు. వేళ్ళు మునుపటంత చాచడం కుదరకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఎంత అని అది అడిగింది. ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. బొటనవేలు నుంచి చిటికెనవేలికి కీబోర్డు మీద ఎనిమిది మెట్లు అందుతాయా అని దాని ఉద్దేశం.

బంపరు, తలుపు ఇన్సూరెన్స్‌లో బాగయ్యాయి. కింద ఏముందో ఎవరూ చూడలేదు. బండి ఇప్పటికీ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఊగుతోంది. అదే అడగడానికి వెళ్ళాను.

"పార్ట్స్ కొత్తయే మేడమ్. మీరు గుంతలల్ల ఉరికిస్తే షాకప్స్ ఏం చేస్తయి? జెర డ్రైవింగ్ చూస్కోండ్రి" అని నవ్వాడు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మగాళ్ళు కూడా నవ్వారు.

ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. క్లాసులో నాకు ఎదురు మాట్లాడినవాడు లేడు. అక్కడ తల వంచుకుని కారెక్కాను.

నిజం అతని నోటితోనే చెప్పిస్తాను. ఎలాగో తెలియదు. చెప్పిస్తాను.

ఆగస్టు 10, ఆదివారం

క్యారల్ చర్చిలో నాలుగో వరసలో కూర్చుంది. కీబోర్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను చూశాను. పాటంతా చూశాను.

ఆగస్టు 13, బుధవారం

తార్నాకలో ఇంకో షాపులో అడిగాను. పొద్దున ఇచ్చి మధ్యాహ్నం తీసుకెళ్ళండి, ఏడాది గ్యారంటీ అన్నాడు షాపతను. చాలా మర్యాదగా మాట్లాడాడు. సత్యదేవ్ కూడా జూన్‌లో మర్యాదగానే మాట్లాడాడు.

వద్దన్నాను. కొత్త షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు ఉన్న కిట్ నేనే తెప్పించుకుంటాను, నేనే వేసుకుంటాను. సత్యదేవ్ నా కారు కింద ఏం పెట్టాడో నా చేత్తో తీసి చూడాలి. షాపులో అయితే పాత సామాను ఏ మూలకో పోతుంది, దానితోపాటు నిజం కూడా.

కింద వాటాలో ఉండే కాలేబు అంకుల్‌ని సాయం అడిగాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టర్. డెబ్బై దాటాయి, చేతులు మాత్రం వణకవు. వద్దన్నారు. "షాపోడికి ఇచ్చెయ్ ప్రేమా. స్ప్రింగ్ అంటే తమాషా కాదు. పట్టు జారితే మనిషి పోతడు. నువ్వు బోర్డు మీద లెక్కలు చేసేదానివి."

మీరు రాకపోతే వీడియో చూసి ఒక్కదాన్నే చేస్తానన్నాను. నిజంగానే చేసేదాన్ని. ఆయనకది తెలిసినట్టుంది. ఒక షరతు పెట్టారు. ఆయన ఆగమంటే ఆగాలి. సరేనన్నాను.

ఆగస్టు 17, ఆదివారం, మధ్యాహ్నం 2

వీడియోలో ఆ అబ్బాయికి నలభై నిమిషాలు పట్టింది. నేను రెండు గంటలుగా ఒక్క బోల్టు దగ్గర ఉన్నాను.

చర్చి నుంచి రాగానే మొదలుపెట్టాం. జాకీ ఎక్కించాం, కింద స్టాండ్లు పెట్టాం, చక్రం తీశాం. అక్కడిదాకా బాగుంది. షాక్ అబ్జార్బర్‌ని చక్రం దగ్గర పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టులు మాత్రం కదలవు. పానాకి ఇనుప గొట్టం తొడిగి దాని మీద నిలబడ్డాను. అరవై ఎనిమిది కిలోలు. కదల్లేదు.

క్యారల్ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. ఎందుకక్కా ఇదంతా అంది. నీళ్ళు తెమ్మన్నాను.

అదే రోజు, సాయంత్రం 6:30

దొరికాడు.

కదలని బోల్టే సాక్ష్యం. కాలేబు అంకుల్ టార్చి వేసి చాలాసేపు చూశారు. తర్వాత గోటితో గీకారు. నల్ల పెయింటు పొరలా లేచింది. కింద తుప్పు. బోల్టు తల మీద కూడా అదే పెయింటు.

"రెండు నెలల కింద తీసి బిగించిన నట్టు ఇట్ల ఉండదమ్మా. దీన్ని ఎవరూ ముట్టలే. బండి కంపెనీ నుంచి వచ్చిన కాడి నుంచి ఎవరూ ముట్టలే."

అంటే మార్చనే లేదు. చక్రాలు తీసి, ఉన్నవాటికే రంగు కొట్టి, చక్రాలు పెట్టేశాడు.

అయిదింటికి ఎడమది బయటికొచ్చింది. దాని కడ్డీని అరచేత్తో కిందికి నొక్కాను. బాగున్నదైతే మెల్లగా దానంతట అదే పైకి రావాలట. ఇది రాలేదు. నొక్కినచోటే ఉండిపోయింది. పక్కనుంచి నూనె కారింది. నా చీర పాడైంది. పట్టించుకోలేదు. ఫోటోలు తీశాను, నలభై దాకా.

నాకెంత సంతోషంగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. చెల్లెలి చెయ్యి విరిగిన తర్వాత ఇంత సంతోషం ఇదే మొదలు.

ఆగస్టు 18, సోమవారం

చేతులు పైకి లేవడం లేదు. బోర్డు కింది సగంలోనే లెక్కలన్నీ రాశాను.

ఆగస్టు 24, ఆదివారం

ఇవాళ కాలేబు అంకుల్‌ని చంపేసేదాన్ని.

కొత్త షాక్ అబ్జార్బర్ చుట్టూ కొత్త స్ప్రింగ్ కూర్చోబెట్టాలి. దానికి స్ప్రింగ్‌ని ముందు నొక్కి పొట్టిది చెయ్యాలి. రెండువైపులా మరలున్న కొక్కేలు తగిలించి, ఒకవైపు నాలుగు చుట్లు, రెండోవైపు నాలుగు చుట్లు, అలా మార్చి మార్చి తిప్పుతూ పోవాలి. అంకుల్ పదిసార్లు చెప్పారు. నేను ఒకేవైపు తిప్పుతూ పోయాను. మనసులో నా ఎదురుగా సత్యదేవ్ ఉన్నాడు. ఫోటోలు అతని మొహం మీదికి విసురుతున్నాను, అతను నేల చూస్తున్నాడు. చాలా బాగుంది ఆ దృశ్యం.

కొక్కెం జారింది. పెద్ద చప్పుడు. స్ప్రింగ్ అంకుల్ చెవి పక్కనుంచి వెళ్ళి ప్రహరీ గోడకి తగిలింది. గోడ పెచ్చు పిడికెడంత లేచిపోయింది.

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. నేను ఏడుస్తున్నాను. ఆయన మంచినీళ్ళు అడిగారు. తాగి, గ్లాసు కింద పెట్టి అడిగారు.

"నట్టు చూస్తున్నవా, వాని మొహం చూస్తున్నవా?"

అబద్ధం చెప్పలేకపోయాను.

ఆగిపొమ్మన్నారు. షరతు ప్రకారం ఆగాను. బండి స్టాండ్ల మీదే ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

అయిపోయింది. రెండువైపులా. నాలుగు చుట్లు, నాలుగు చుట్లు, నోటితో లెక్కపెడుతూ. ప్రతి నట్టూ అంకుల్ మళ్ళీ పట్టి చూశారు.

మధ్యాహ్నం వీల్ అలైన్‌మెంట్‌కి ఇచ్చాను. అదొక్కటి ఇంట్లో కాదు, మిషన్ కావాలి. అక్కడివాడు కిందికి దూరి చూసి, ఫిట్టింగ్ మస్తు చేసిండ్రు, ఏ షాపు అని అడిగాడు. మారేడ్‌పల్లిలో ఒకావిడ చేస్తుందని చెప్పాను.

గర్వంగానే ఉంది. అది చాలదు.

సెప్టెంబర్ 3, బుధవారం

ఏం చెయ్యాలో తెలిసింది.

ఫోటోలు చూపిస్తే ఇవి నా దగ్గరివి కావంటాడు. కంప్లయింట్ ఇస్తే ఏళ్ళు పడుతుంది. అలా కాదు. పాతవే మళ్ళీ కారుకి వేస్తాను. ఇప్పుడు నాకు వెయ్యడం వచ్చు. వేసి, అతని షాపు ముందు ఆపి, క్యారల్ కూర్చున్న సీటులో అతన్ని కూర్చోమంటాను. అదే రోడ్డు, అదే మలుపు, అదే స్పీడు. చెయ్యి ఎక్కడ అడ్డం పెడతాడో చూస్తాను.

కాలేబు అంకుల్‌కి చెప్పాను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను తిట్టడం ఇదే మొదటిసారి. ఆ రోడ్డు మీద ఇంకెవరూ నడవరా అన్నారు.

సెప్టెంబర్ 4, గురువారం

అంకుల్ పానాల పెట్టెకి తాళం వేశారు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

టీచర్స్ డే. పిల్లలు కేకు కోయించి మైకు ఇచ్చారు. ఏదో మాట్లాడుతుంటే మధ్యలో తట్టింది. అతన్ని భయపెట్టడానికి పాతవి అక్కర్లేదు. పాతవే ఉన్నాయని నేను చెప్తే చాలు. అవి ఎలాంటివో అతనికి నాకంటే బాగా తెలుసు.

మైకు పట్టుకుని నవ్వానట. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సెప్టెంబర్ 6, శనివారం

పదకొండున్నరకి వెళ్ళాను. శనివారం ఆ వేళకి షాపు నిండా జనం ఉంటారు. అందుకే.

సత్యదేవ్ ఒక పెద్దాయనతో మాట్లాడుతున్నాడు. ఆయన పేరు రామ్మోహనరావు గారని తర్వాత తెలిసింది. కారు ఇవ్వడానికి వచ్చారు. తాళాలు అప్పటికే సత్యదేవ్ చేతిలో ఉన్నాయి.

నేను దిగి, ఎడమవైపు తలుపు తీసి పట్టుకున్నాను. క్లాసు గొంతుతో మాట్లాడాను.

"సత్యదేవ్ గారూ, మీరు వేసిన షాక్ అబ్జార్బర్లతోనే వచ్చాను. అవి కొత్తవే, తప్పు నా డ్రైవింగ్‌ది అన్నారు. సరే. మా చెల్లెలు కూర్చున్న సీటు ఇది. మీరు కూర్చోండి. ఆలుగడ్డబావి దాకా అదే స్పీడులో వెళ్ళొద్దాం. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చూపించండి."

"గిరాకీ ఉంది మేడమ్. మళ్ల చూద్దాం."

పది నిమిషాలు చాలన్నాను. అందరూ చూస్తున్నారు. అతను ఇంకో కారు కిందున్న మెకానిక్‌ని పిలిచాడు. "కామరాజూ, మేడమ్‌తోని జెర పోయిరా."

కామరాజు బయటికొచ్చి నా కారుని చూశాడు, సత్యదేవ్‌ని చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నేను కూసోను సేఠ్."

రామ్మోహనరావు గారు సత్యదేవ్ వైపు తిరిగి అడిగారు. "అదేమిటయ్యా? మీరు వేసిన సామానేగా? కూర్చోడానికి భయమేంటి?"

"గట్ల కాదు సార్. గా షాకప్స్ మీద గా మలుపుల..." సత్యదేవ్ అక్కడ ఆగిపోయాడు. ఆయన వదల్లేదు. ఏం, ఏమైంది వాటికి అన్నారు. సత్యదేవ్ నేల చూసి ఏదో గొణిగాడు.

"వినపడలేదు" అన్నాను.

"పాతయే మేడమ్! పెయింట్ కొట్టిన. సామాను దొరకలే, మీరేమో జల్ది కావాలన్నరు. ఇగ ఇడిసిపెట్టుండ్రి."

అప్పుడు డిక్కీ తెరిచాను. "ఇప్పుడు కారుకి ఉన్నవి కొత్తవి. నేను బిగించినవి. నీవి ఇవిగో." మొదటిసారి నువ్వు అన్నాను. రెండూ మోసుకెళ్ళి అతని టేబుల్ మీద పెట్టాను. నూనె కారి కాగితాలు తడిశాయి.

రామ్మోహనరావు గారు అరచెయ్యి చాచారు. సత్యదేవ్ అందులో తాళాలు పెట్టాడు. ఆయన వెనక ఇంకొకాయన కూడా లేచాడు.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే ఆలుగడ్డబావి మీదుగా వచ్చాను. మలుపులో బండి కుదురుగా తిరిగింది. నేను గట్టిగా నవ్వాను. ఒక్కదాన్నే. నా నవ్వు నాకే బాగోలేదు. అయినా ఆపలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆకలి బాగా వేస్తోంది. కలలు లేకుండా నిద్ర పడుతోంది. అతని షాపు ముందు నిన్న ఒక్క కారే ఉంది. ఇవాళ అదీ లేదు. రోజూ అటువైపు నుంచే వెళ్తున్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

వాళ్ళు ఇంటికొచ్చారు. సత్యదేవ్, అతని భార్య ఇంద్రజ. ఆమె వెంటబెట్టుకుని తెచ్చినట్టుంది. క్యారల్ చేతి మీద కుట్ల గీత చూసి ఆమె ఏడ్చింది. అతను చేతులు జోడించాడు. "తప్పయింది చెల్లే" అన్నాడు. నా వైపు చూడలేదు.

క్యారల్ వాళ్ళని కూర్చోమంది. టీ ఇచ్చింది. వదిలేశానండీ, మీరు ఇంకెవరికీ అలా చెయ్యకండి, అంది. తర్వాత వాళ్ళ కోసం ప్రార్థన చేసింది! నా ముందు, నా ఇంట్లో. నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

మూడు ఆదివారాలు తుప్పు పీల్చింది నేను. ఒక మనిషిని చంపబోయింది నేను. ఐదు నిమిషాల్లో క్షమించేసింది ఇది. నన్ను ఎవరూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక నోటికొచ్చినట్టు అరిచాను. క్యారల్ మెత్తటి బంతి పట్టుకుని వేళ్ళ ఎక్సర్‌సైజు చేసుకుంటూ కూర్చుంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

రెండు రోజులుగా దానితో మాట్లాడలేదు. పొద్దున ఎడమ చేత్తో కాఫీ తెచ్చింది. అతన్ని అంత తేలిగ్గా ఎలా క్షమించావని అడిగాను.

తేలిక్కాదు అంది. అలవాటైపోయింది అంది. "జూలై నుంచి నిన్ను క్షమిస్తూ వస్తున్నాను కదక్కా. ఆ మలుపులో నువ్వు ఫోన్ చూస్తున్నావు."

కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

అవును. స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఎవరో శుభోదయం అని పూల బొమ్మ పెట్టారు. సాయంత్రం ఐదింటికి శుభోదయమేమిటని దానికి చూపించబోయాను.