క్లచ్ ఉన్న బండి, క్లచ్ లేని బండి

వీధిలో అందరూ గేర్ల మేస్త్రి అని పిలిచే నేను, వయసు అరవై ఏడు, వృత్తి గేర్‌బాక్సుల మరమ్మతు, వచ్చే మంగళవారం గుండె ఆపరేషన్‌కి వెళ్తూ, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుర్ర సరిగ్గానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గేర్ల విషయంలో తప్ప అని ఆయన రాయలేదు, నేను రాస్తున్నాను.

1. ఇల్లు, అందులోని సామాను నా భార్యకి, సర్వహక్కులతో. ఏ కారెక్కినా కళ్ళు మూసుకుని కూర్చునే మనిషికి కారు రాయడం దండగ. సీటుకి ఆనించుకునే పూల దిండు మాత్రం ఆమెదే. నలభై ఏళ్ళు నా పక్కన భయపడుతూనే కూర్చుంది, ఏనాడూ రానని అనలేదు.

2. సెకండ్ హ్యాండ్‌లో కొని నేను బాగుచేసుకున్న స్పోర్ట్స్ కార్లు రెండున్నాయి. ఎర్రది, అంటే క్లచ్ తొక్కి చేత్తో గేర్లు మార్చేది, నా తదనంతరం నా కూతురికి. పద్దెనిమిదేళ్ళకే నాకంటే మెత్తగా గేరు వేసింది. ఆ మాట దాని మొహాన ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

3. పై రెండో అంశం రద్దు. ఆసుపత్రి డ్యూటీకి పిల్ల రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో పాకాలి. అడుగుకోసారి క్లచ్ తొక్కితే నా ఎడమ మోకాలికి పట్టిన గతే దానికీ పడుతుంది. కాబట్టి బూడిద రంగుది, గేర్లు తనంతట తనే మార్చుకునే ఆటోమేటిక్, కూతురికి. ఎర్రది మా తమ్ముడికి.

4. అదీ కుదరదు. తమ్ముడికి ఆటోమేటిక్ అంటే ప్రాణం. ఎర్రది ఇస్తే, అన్న పోతూ పోతూ కూడా ఎత్తిపొడిచాడనుకుంటాడు. పోనీ బూడిదది వాడికిస్తే పిల్ల కాలు ఏం కాను? మూడు రోజులుగా ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాత స్పోర్ట్స్ కారంటే మాన్యువలే కొనండి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతే కారే పోయినట్టు అని ఊరందరికీ చెప్పిన నోరు ఇది. మరి బూడిదది ఎందుకు కొన్నావయ్యా అంటే, మోకాలు. టార్పాలిన్ కప్పి దాచాను. నడిపితే హాయిగా ఉంది. అదింకో బాధ.

5. నా మాటకి రుజువుగా లెక్చరరు గారి కారు చూపించేవాణ్ణి. పదకొండేళ్ళ కిందట, నేనూ తమ్ముడూ కలిసి పనిచేసే మా షెడ్డులో ఆయన ఆయిల్ మార్పించుకుని వెళ్ళారు. వారం తిరక్కుండా దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నాశనమైంది. ఆ పని తమ్ముడిదని అందరి ముందూ అన్నాను. వాడు స్పానర్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు.

6. స్వహస్తంతో ఒప్పుకుంటున్నది ఏమంటే, ఆ రోజు తమ్ముడు భోజనానికి వెళ్తే పని ముగించింది నేను. ఆటోమేటిక్‌కి పొయ్యాల్సిన పల్చటి ఆయిల్ బదులు, మాన్యువల్‌కి పోసే చిక్కటిది పోశాను. చేతి అలవాటు. వారం తర్వాత విప్పగానే నాకు తెలిసిపోయింది. వాడికీ తెలిసే ఉంటుంది, ఆ వాసన పట్టలేని ముక్కు కాదు వాడిది. ఐనా అన్న పరువు తియ్యలేదు. నేను వాడి పరువు తీసి, నా తప్పునే పాఠంగా చేసుకుని పదకొండేళ్ళు జనానికి చెప్పాను. మాన్యువల్, ఆటోమేటిక్ రెంటిలో ఏది మంచిదో నిజంగా నాకు తెలీదు.

7. అందువల్ల షెడ్డు, పనిముట్లు తమ్ముడికి. కార్ల సంగతి నా వల్ల తేలదు. బాబాయీ అమ్మాయీ కలిసి రెండూ నడిపి చూసుకుని చెరొకటి తీసుకోవాలి. పేచీ వస్తే వాడి మాటే ఖాయం. గేర్‌బాక్సుల గురించి మా ఇద్దరిలో తెలిసినవాడు వాడే.

8. దీన్ని అమలు చేసే ప్లీడరు గారు ఆరో అంశాన్ని షెడ్డు ముందు నిలబడి పైకి చదవాలి. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆపరేషన్ నుంచి బతికొస్తే ఈ కాగితం చింపేస్తానేమోనని నాకు భయంగా ఉంది. అందుకే దీని నకలు ఇవాళే తమ్ముడికి పంపేశాను.

తేది: 2019 మార్చి 14, గురువారం

(సంతకం) గేర్ల మేస్త్రి

సాక్షులు:
1. పక్క టైర్ల షాపు ఓనరు
2. ఎదురు వీధి లేత్ మేస్త్రి