వాల్వక్క మాట

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త క్లయింట్. మళ్ళీ అదే స్పీచ్. మార్పుని చూసి భయపడకండి, మీతో కలిసి నడవడానికే వచ్చాను. ఈ ముక్క ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. ఇవాళ సరిగ్గా మధ్యలో ఆవలింత వచ్చింది. చిరునవ్వులోకి మార్చేశాను. అదీ అనుభవమే.

నీళ్ళ సరఫరా కంపెనీలో కంప్లైంట్ల సెక్షన్. ముప్పై నలుగురు మనుషులు, పన్నెండు ఫోన్లు, గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా పసుపుపచ్చ కార్డులు. ఎవరింట్లో నీళ్ళు రాకపోయినా, ఏ వీధిలో పైపు పగిలినా ఒక కార్డు. ఇప్పుడు ఆ కార్డులన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. వీళ్ళు గొడవ చెయ్యకుండా ఎక్కించేలా చూడటం నా పని. ఒకాయన అడిగాడు, కంప్యూటర్ మీరే నేర్పుతారా అని. కాదండీ, దానికి వేరేవాళ్ళు వస్తారన్నాను. మరి మీరేం చేస్తారండీ అన్నాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే తెలియక అడిగాడు. మా అత్తగారు కూడా పోయేదాకా ఇదే అడిగింది.

హోటల్ గదిలో కుర్చీ ఎత్తు, బల్ల పొట్టి. మోకాలు లాగేస్తోంది.

ఫిబ్రవరి 6, గురువారం

దొరికింది.

ప్రతి ఆఫీసులోనూ ఒక మనిషి ఉంటుంది. పెద్ద పదవేం ఉండదు. కానీ ఆ మనిషి సరే అంటే అందరూ సరే. మా లైన్లో ఛాంపియన్ అంటాం. ఆ మనిషిని పట్టుకోవడానికి నాకో చిట్కా ఉంది. మీటింగ్‌లో ఒక చచ్చు జోకు వేస్తాను. నవ్వేముందు జనం ఎవరి వంక చూస్తారో చూస్తాను. ఇవాళ అందరూ కిటికీ పక్క సీటు వంక చూశారు. ఆవిడ నవ్వలేదు. ఇంకెవరూ నవ్వలేదు.

యాభై ఏడేళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుంటుంది. వీధి పేరు చెబితే చాలు, ఏ మూలనున్న ఏ వాల్వ్ కట్టెయ్యాలో చెబుతుంది. అందుకని అందరికీ వాల్వక్క. డైరెక్టర్ కూడా అలాగే పిలుస్తాడు. పొద్దున ఎవరో ఫోన్లో నీళ్ళు రావట్లేదని అరుస్తుంటే ఈవిడ ఫోన్ లాక్కుని, మట్టిరంగులో వచ్చి ఆగిందా, ముందే ఆగిందా అని ఒక్క ప్రశ్న అడిగింది. వెంటనే ఫిట్టర్‌కి ఫోన్ చేసి టైలర్ షాపు వెనక వాల్వ్ చూడమంది. మొత్తం నాలుగు నిమిషాలు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కంప్లైంట్ ఎక్కించడానికే ఆరు నిమిషాలు పడుతుంది. ఆ సంగతి నేను రిపోర్టులో రాయలేదు.

ఆవిడ తోడికోడలిది పక్క సీటే. కింద వాటాలో ఆవిడ, పై వాటాలో తోడికోడలు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో వెళతారట. తోడికోడళ్ళు ఇంత సఖ్యంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లో అయితే అసలే చూడలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వాల్వక్కతో టీ. నేను వేసిన గాలం ఆవిడకి కనిపిస్తూనే ఉంది. సూటిగా అడిగింది. మా వాళ్ళలో ఎవరి ఉద్యోగమైనా పోతుందా మేడం?

పోదన్నాను. అది నిజం. ఒప్పందంలో రాసి ఉంది, పని తగ్గితే వేరే సెక్షన్లకి సర్దుతామని.

ఆ కాగితం మీరు కళ్ళారా చూశారా అంది. చూశానన్నాను. అయితే సరే అంది. బిస్కెట్ సగం విరిచి నాకిచ్చింది.

ఫిబ్రవరి 15, శనివారం, ఇల్లు

అమ్మాయి అంటుంది, అమ్మ ఇంటికొస్తే ఫ్రిజ్ కూడా భయపడుతుందట, తనని ఎక్కడికి జరుపుతుందోనని. ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు. ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్ళుగా అవే లెక్కలు, అదే నల్లబల్ల. నాకు అసూయగా ఉంటుంది.

పడుకుందామంటే బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి.

ఫిబ్రవరి 20, గురువారం

వాల్వక్క నాలుగు రోజుల్లో సాఫ్ట్‌వేర్ నేర్చేసుకుంది. నేర్పడానికి వచ్చిన కుర్రాళ్ళ ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాకపోతే ఒక్కొక్క స్టెప్పూ తన మాటల్లో నోట్‌బుక్‌లో రాసి జిరాక్స్ తీయించి అందరికీ పంచింది. నేను రెండు నెలల్లో చెయ్యలేని పని. ఇవాళ నన్ను మేడం అనడం మానేసి అమ్మాయ్ అంది. నలభై తొమ్మిదేళ్ళు నాకు. మోకాలికి వేన్నీళ్ళ కాపడం పెట్టుకో అమ్మాయ్, మాత్రలు మింగకు అంది.

సంతోషం వేసింది. ఛాంపియన్లతో ఇలా సంతోషపడకూడదని కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెబుతుంటాను.

ఫిబ్రవరి 25, మంగళవారం, ఉదయం 11.20

డైరెక్టర్ గది నుంచి ఇప్పుడే వచ్చాను. బోర్డు మనసు మార్చుకుంది. సెక్షన్ మొత్తం ఎత్తేస్తారు. ఏప్రిల్ నుంచి ఫోన్లు బయటి ఏజెన్సీకి. ముప్పై నాలుగు మందికీ ఉద్వాసన. మార్చి పద్నాలుగుదాకా ఎవరికీ తెలియకూడదు. ఎందుకంటే కార్డులు ఎక్కించడం పూర్తవ్వాలి. తలల్లో ఉన్నది కూడా రాయించాలి. ముందే తెలిస్తే ఒక్కరూ చెప్పరు.

సెక్షన్ అందరితో ఎల్లుండి పెట్టిన మీటింగ్ యథాతథం అన్నాడు. వాల్వక్క మాట్లాడుతుంది కదా, మాట్లాడనివ్వండి అన్నాడు.



మధ్యాహ్నం 2.45

మా కన్సల్టింగ్ కంపెనీ పార్ట్‌నర్‌కి ఫోన్ చేశాను. మన క్లయింట్ కంపెనీ, సెక్షన్ కాదు అని గుర్తు చేశాడు. గొంతు చాలా మృదువుగా ఉంది. అంత మృదువుగా మాట్లాడటం అతనికి నేర్పింది నేనే.

మళ్ళీ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఒక్కటే అడిగాను. ఆవిడని ఉంచండి అన్నాను. సరే అన్నాడు, ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. ఏజెన్సీ వాళ్ళకి నేర్పడానికి ఎలాగూ ఒకరు కావాలట. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఏదో పుణ్యకార్యం చేసినట్టు అనిపించింది. కాసేపు అలాగే అనిపించనిచ్చాను.

ఫిబ్రవరి 26, బుధవారం

చెప్పాలి.

ఫిబ్రవరి 27, గురువారం

చెబుదామనే వెళ్ళాను. ఎనిమిదిన్నరకి. వాల్వక్క లేడీస్ రూమ్ అద్దం ముందు నిలబడి కాగితం చూసుకుంటోంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారట. తప్పులేమన్నా ఉంటే చూడు అమ్మాయ్ అని కాగితం నా చేతిలో పెట్టింది.

చదివాను. రెండు పేజీలు. మధ్యలో ఉంది, ఎవరి ఉద్యోగమూ పోదు, కాగితం చూసినవాళ్ళు నాకు చెప్పారు, నా మాట మీద నమ్మకముంటే ఈ పనిలో చెయ్యి వెయ్యండి అని.

బావుంది అన్నాను.

అంతే అన్నాను. ఎవరో తలుపు తోసుకుని లోపలికి వచ్చారు అని ఇక్కడ రాయాలని ఉంది. ఎవరూ రాలేదు.

సాయంత్రం

నాలుగు నిమిషాలు మాట్లాడింది. చప్పట్లు. తోడికోడలు కళ్ళు తుడుచుకుంది. వెంటనే సర్వే చేశాం. పోయిన వారం మార్పుకి ఒప్పుకున్నవాళ్ళు నూటికి నలభై ఒక్కరు. ఇవాళ తొంభై నలుగురు. పార్ట్‌నర్ మెసేజ్ పెట్టాడు, నీ కెరీర్‌లో ఇదే బెస్ట్ స్కోర్ అని.

మార్చి 7, శుక్రవారం

కార్డులు అయిపోవచ్చాయి. జనం లంచ్ మానేసి మరీ ఎక్కిస్తున్నారు. కార్డుల్లో లేనివి కూడా చెబుతున్నారు. ఏ వాల్వ్ ఎడమకి తిరుగుతుందో, ఏ ఇంటాయన కుక్కని వదులుతాడో. వాల్వక్క ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని గుర్తు చేసి మరీ చెప్పిస్తోంది.

నేను గదిలోంచి బయటికి రావడం తగ్గించాను. మోకాలి నెప్పి అని చెప్పాను. అది అబద్ధం కాదు గనక పనికొచ్చింది.

మార్చి 14, శుక్రవారం

ముప్పై మూడు కవర్లు, ఈ నెలాఖరు దాకే ఉద్యోగం అని. పదింటికి పంచారు.

వాల్వక్క తన కవరు కోసం చూస్తూ కూర్చుంది. పంచే గుమాస్తా ఆవిడ బల్ల దాటి వెళ్ళిపోయాడు. నాది మర్చిపోయావని పిలిచింది. మీకు లేదండీ అన్నాడు. హాలంతా విన్నది ఆ మాట. అప్పుడు అందరూ ఆవిడ వంక చూశారు. నా జోకు రోజు చూసినట్టు కాదు.

మొదట అడిగింది తోడికోడలే. అక్కా, ఇందుకా మాతో అన్నీ చెప్పించావు అని. అరవలేదు. బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

పదకొండింటికి వాల్వక్క నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మేడం అంది. మీకు ఎప్పుడు తెలిసింది మేడం?

ఇలాంటివి బయటికి చెప్పకూడదని ఒప్పందంలో ఉంటుందన్నాను. ఎంత చక్కటి వాక్యం. ఇరవై రెండేళ్ళుగా వాడి వాడి అరిగి నున్నబడింది.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఒక్క కోరిక కోరింది. నా పేరు కూడా ఆ లిస్టులో రాయించండి మేడం.

మీ మేలు కోరే తీయించాను అనబోయాను. అనేశాను కూడా. అప్పుడు కూర్చుంది. తీయించింది మీరా అంది. నన్నొక్క మాట అడగాలనిపించలేదా అంది.

మార్చి 18, మంగళవారం

డైరెక్టర్‌ని అడిగాను. లిస్టు మూసేశాం అన్నాడు. పోనీ ఆవిడే రాజీనామా చేస్తే అన్నాను. చెయ్యనివ్వండి, కానీ అప్పుడు జనం ఒప్పేసుకున్నట్టే అనుకుంటారు, దొరికిపోయాక పారిపోయింది అంటారు అన్నాడు. మనుషుల్ని ఎంత బాగా చదివాడు. నాకు పోటీ వస్తాడు.

క్యాంటీన్లో ఆవిడ బల్ల దగ్గర కూర్చుంటే ఆరుగురూ లేచి వెళ్ళారు. తోడికోడలు ఇప్పుడు ముందు బస్సుకి వస్తోందట. ఇంట్లో పై వాటాకి వెళ్ళే మెట్ల తలుపుకి లోపల గడియ పెట్టేశారట. ఇవన్నీ నాకు గుమాస్తా చెప్పాడు. ఆవిడ ఏమీ చెప్పలేదు. కార్డుల అరలు ఖాళీ చేయించుకుంటోంది.

మార్చి 19, బుధవారం, ఇల్లు

సెలవు పెట్టి వచ్చేశాను. ఆయనకి అన్నీ చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. మాస్టారు కదా, లెక్కే అడిగాడు. ఆవిడకి తెలియదని ఇంకెవరికి తెలుసు? నాకు. డైరెక్టర్‌కి. ఆయన చెబుతాడా? చెప్పడు. ఇక మిగిలింది ఎవరు?

మార్చి 20, గురువారం

రాశాను. ముప్పై ముగ్గురికీ, డైరెక్టర్‌కీ, పార్ట్‌నర్‌కీ, ఆవిడకీ. ఎనిమిది వాక్యాల మెయిల్. సెక్షన్ ఎత్తేస్తున్నారని నాకు ఫిబ్రవరి 25 ఉదయం తెలిసింది. మార్చి 14 దాకా వాల్వక్కకి తెలియదు. ఆవిడ మీకు ఇచ్చిన మాట నేను ఇచ్చిన మాటే. లిస్టులోంచి ఆవిడ పేరు తీయించింది నేను, ఆవిడని అడక్కుండా.

9.40కి పంపాను. 9.52కి పార్ట్‌నర్ ఫోన్. ఈసారి గొంతు మృదువుగా లేదు. 10.30కి నా లాగిన్ పని చెయ్యడం మానేసింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం యాభై నిమిషాల్లో.

ఏడుపు రాలేదు. ఆకలేసింది. ఇదంతా ఆవిడ కోసం చేశానా, నా భారం దించుకోవడానికి చేశానా? నాకు తెలియదు. రెండూ అయితే అయ్యుండచ్చు.

మార్చి 22, శనివారం

ఎవరి నుంచీ జవాబు లేదు.

మార్చి 24, సోమవారం

ఆవిడ ఫోన్ చేసింది. తోడికోడలు నా ఉత్తరం పట్టుకుని కిందికి వచ్చిందట. పైకి చదివి వినిపించిందట. ఇద్దరూ కూర్చుని చాలాసేపు ఏడ్చారట. ఇవాళ ఒకే బస్సులో వచ్చారట.

తర్వాత అడిగింది. ఫిబ్రవరి 25న తెలిసిందని రాశారు. అయితే 27న అద్దం దగ్గర నా కాగితం చదివినప్పుడు మీకు తెలుసన్నమాట.

తెలుసు అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. పద్దెనిమిది నిమిషాలు అని తర్వాత ఫోన్ చూపించింది.