ఓడను ఆపిన కల్లం

చిరంజీవి తమ్ముడు శ్రీకృష్ణకి,

అక్క వెంకటరావమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. మీ బావ మోకాళ్ల నొప్పి ఎప్పుడూ ఉండేదే. నా కూతురు తేజశ్రీ పరీక్షలు బాగానే రాశానంటోంది. ఆ రేవులో ఉప్పుగాలికి నీ దగ్గు తిరగబెట్టలేదు కదా.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నేను ఒకటి అనేలోపు నువ్వు పది అంటావు. కాయితమైతే నోరు మూసుకుని చివరిదాకా వినాలి.

పోయిన ఉత్తరంలో అడిగినవన్నీ చెబుతాను. ఈ ఏడు మిరపకాయ బాగుంది, మంచి రంగు, తాలు తక్కువ. పత్తిని మాత్రం గులాబీ పురుగు తినేసింది. మన బోరులో నీళ్లు తగ్గలేదు గానీ, బీడులో మీ ప్లాంటు పెట్టాక ఊళ్లో అందరికీ అదే భయం. ఎండతో కరెంటు చేసి, ఆ కరెంటుతో నీళ్లని విడగొట్టి హైడ్రోజన్ గ్యాసు తీసి, సిలిండర్లలో కుక్కి, లారీల మీద రేవుకి పంపి ఓడ నడుపుతారంటే మన పక్కింటి మాబూబీ బుగ్గలు నొక్కుకుంది. చేలకి నీళ్లు లేక మనం ఏడుస్తుంటే ఓడకి తాగిస్తారా అంది. నేను నీ తరఫునే మాట్లాడాను. పొగ రాని ఓడ అది, దానికి గ్యాసు అందించే పనంతా మా తమ్ముడే చూస్తాడని గొప్పగా చెప్పుకున్నాను.

ఇక అసలు ప్రశ్న. లారీలు ఎందుకు రావడం లేదో తెలీదక్కా, దారి ఆగిందంటారే గానీ ఎవరు ఆపారో చెప్పరు, ఓడ రేవులో కట్టేసి ఉంది, ఈ తీరంలో ఈ గ్యాసు ఇంకెక్కడా దొరకదు, ఈ నెలంతా ఇలాగే ఉంటే పైవాళ్లు పని ఎత్తేస్తారు, నా ఉద్యోగం పోతుంది, కాస్త ప్లాంటు దాకా వెళ్లి కనుక్కో అని రాశావు. వెళ్లక్కర్లేదు. ఆపింది నేనే.

ప్లాంటు నుంచి పెద్ద రోడ్డుకి మన చేలో బాట ఒక్కటే దారి. రెండోవైపు వాగు మీది చప్టా ఆ బరువు మొయ్యదు. ఊరివాళ్లు నడవడానికి నాన్న వదిలిన బాట అది, ఇప్పటికీ మన పట్టాలోనే ఉంది. కోసిన మిరపకాయంతా తెచ్చి ఆ బాట మీదే కల్లం చేసి ఆరబోశాను. ఆరబోసిన కాయ మీద పరాయివాడు చెయ్యి వెయ్యకూడదన్నది మన కట్టుబాటు. ప్లాంటువాళ్లు ఎత్తించడానికి కూలీలని పిలిస్తే ఒక్కరూ రాలేదు. నిప్పంటుకునే ఎండు సరుకు పక్కన ఆ గ్యాసు లారీ నడపకూడదన్న రూలు మీ వాళ్లదేనట. డ్రైవరు మాబు సాహెబ్ పాపం మర్యాదస్తుడు, కాస్త ఎత్తించండమ్మా అని బతిమాలి, నేను కాయ తిరగేస్తూ ఉంటే వెనక్కి తిప్పుకుని పోయేవాడు.

ఆ లారీలు చెంచయ్యవి. అవును, ఆ చెంచయ్యవే. అప్పట్లో ఓ రాత్రి, చీమకుర్తి గ్రానైటు రాయి మోసే వాడి లారీ అడ్డదారిన మన బాట పట్టి, ఆ బాట మీదే వేసిన కల్లంలో కాయకి కాపలా పడుకున్న నాన్న మీద నుంచి పోయింది. పేరయ్య తాగి దారికి అడ్డంగా పడుకున్నాడని చెంచయ్య స్టేషన్లో చెప్పాడు. కల్లు వాసన కూడా గిట్టని మనిషి మన నాన్న. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు జనం. అమ్మ ఆ మాట పడుతూనే పోయింది. మొన్న పెళ్లిలో తేజశ్రీని ఎవరో, తాగి చచ్చిన పేరయ్య మనవరాలివా అని అడిగారట. అది ఏడుస్తూ ఇంటికొచ్చింది.

అలాంటివాడికి మీ ఓడ గ్యాసు మోసే పని దొరికింది. పైవాళ్లెవరో ఇచ్చి ఉంటారనుకున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడురా. నాన్న ఎక్కడ పోయాడో సరిగ్గా అక్కడే మొదటి గోతం కుమ్మరించాను. అప్పుడు నీ ఉద్యోగం గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. అయినా పోశాను, పోస్తుంటే హాయిగా ఉంది.

నిన్న చెంచయ్యే దిగొచ్చాడు. ఊళ్లో వాళ్లందరి ముందు ఆ కాయ పక్కన నిలబడి, పేరయ్య తాగలేదని ఒప్పుకుంటే సాయంత్రానికి ఎత్తిస్తానన్నాను. ఒప్పుకున్నాడు. తల దించుకుని, అందరికీ వినబడేట్టు చెప్పాడు. నా పగ చల్లారింది అనుకున్నాను. గోతాలు తెమ్మని మీ బావని పంపాను కూడా.

అప్పుడు చెంచయ్య నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“అబద్ధం నిలబెట్టింది నేనే, కాదనను. పుట్టించింది మాత్రం నీ తమ్ముడు. నన్ను కాదమ్మా, వాణ్ణి అడుగు.”

ఆ రాత్రి కాపలా నీ వంతు. నువ్వు సినిమాకి పోతే నీ బదులు నాన్న వెళ్లాడు. అది నాకూ తెలుసు. కుర్రవాడివి కదా అని ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. ఆ సంగతి బయటపడుతుందని భయపడి, నాన్నే తాగి అటెళ్లి పడుకున్నాడని ఎస్సై ముందు మొదట అన్నది నువ్వేనట. చెంచయ్య దాన్నే పట్టుకున్నాడు. నేను నమ్మలేదు. ఆ లారీలు కుదిర్చింది పైవాళ్లు కాదు, నువ్వేనని వాడు చెప్పేదాకా నమ్మలేదు. జిల్లాలో ఇన్ని లారీలుండగా నాన్నని తొక్కినవాడి లారీలే ఎందుకు పెట్టావురా? వాడు నోరు విప్పకుండా ఉండటానికేగా?

గోతాలు వెనక్కి పంపించేశాను. చెంచయ్యకీ నాకూ తీరిపోయింది. ఇప్పుడు ఆ కాయ నీ కోసం ఉంది. రా. అదే చోట, అదే జనం ముందు నిలబడి, మా నాన్న తాగలేదు, నా బదులు కాపలాకి వెళ్లి పోయాడు అని నీ నోటితో చెప్పు. చెప్పి, నీ చేత్తోనే కాయ ఎత్తి నీ లారీ పంపించుకో. రాకపోతే నీ ఓడ అక్కడే ఉంటుంది. వాన పడి కాయంతా బూజు పట్టినా నేను ఎత్తను. ఏడాది కష్టం పోతే పోనీ, నాన్నకంటే ఎక్కువా?

బస్సు దిగి ఇంటికి రాకు. నేను కల్లం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
పేరయ్య కూతురు
వెంకటరావమ్మ